బెత్లెహేము ఒలీవ కొయ్య పశువుల పాక: ఇంట్లో పెట్టుకోదగినదేనా?

క్రిస్మస్ కోసం మేము కొన్న, యేసు పుట్టుకను చూపే ఈ పశువుల పాక బొమ్మల సెట్టును బెత్లెహేములో ఒలీవ కొయ్యతో చెక్కారు. రంగు పూయలేదు, లేత పసుపు కొయ్యలో ముదురు గోధుమ చారలు ఒక్కో బొమ్మకు ఒక్కో తీరుగా పడ్డాయి. అక్కడి క్రైస్తవ కుటుంబాలకు ఇది తరతరాల జీవనోపాధి.

ఈ సెట్టులో నాకు అన్నిటికన్నా నచ్చినది, బొమ్మలకు కళ్లూ పెదవులూ చెక్కకుండా ముఖాలను నున్నగా వదిలేయడం. విగ్రహాన్ని చేసుకుని మొక్కకూడదన్న నిర్గమకాండము 20వ అధ్యాయంలోని ఆజ్ఞ వింటూ పెరిగిన ప్రొటెస్టంట్ ఇళ్లలో బొమ్మ అనగానే కలిగే సంకోచం న్యాయమైనదే. కాని అదే గ్రంథం 25వ అధ్యాయంలో మందసం (ఆజ్ఞల పలకలుంచిన పవిత్ర పెట్టె) మీద కెరూబులనే రెక్కల దూతల రూపాలను చేయమన్నది దేవుడే. మోషే చేసిన ఇత్తడి సర్పం ఎన్నో తరాలు నిలిచి, ప్రజలు దానికి ధూపం వేస్తున్నందుకే యూదా రాజు హిజ్కియా చేతిలో ముక్కలైంది. కనుక వస్తువు ఇంట్లో ఉన్నదా అని కాక, దాని ముందు మనం ఏం చేస్తున్నామని అడగాలని నా నమ్మకం. స్వరూపాలకు చెందేది గౌరవమే గాని ఆరాధన కాదని 787లో క్రైస్తవ సంఘ పెద్దల రెండవ నికేయ సభ చెప్పింది, విజయవాడలో మరియమాత క్షేత్రమైన గుణదల కొండ ఎక్కే కతోలికులు నేటికీ అదే చెబుతారు. జర్మనీలోని విట్టెన్‌బర్గులో చర్చి పటాలను పగలగొడుతుంటే 1522లో ప్రొటెస్టంట్ ఉద్యమ నాయకుడు లూథరే వచ్చి ఆపించాడు. ప్రొటెస్టంట్లలోనే కొన్ని బ్రదరెన్ సహవాసాల్లో మాత్రం సిలువ గుర్తు కూడా ఉండదు, గోడ మీద వాక్యమే ఉంటుంది. అలాంటి మనస్సాక్షి గల బంధువు మా ఇంటికి వస్తే, కొరింథీయులకు పౌలు వ్రాసిన మొదటి పత్రిక 8వ అధ్యాయంలో మన స్వేచ్ఛ ఇతరుల మనస్సాక్షికి అడ్డు కాకూడదన్న మాట ప్రకారం, ఈ సెట్టును తీసి లోపల పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు. ప్రార్థన చేసుకునే బల్ల మీద దీన్ని ఎలాగూ పెట్టలేదు. పిల్లలు చేత్తో పట్టుకుని కథ చెప్పుకునేలా హాల్లో అందుబాటులో ఉంచాము.

లోపాలు లేకపోలేదు. పాక పైకప్పు జిగురు బలహీనంగా ఉంది. తూర్పు దేశపు జ్ఞానులను బాలయేసు తొట్టి పక్కనే నిలబెట్టేలా చేశారు గాని, మత్తయి 2:11 ప్రకారం వారు వచ్చింది ఇంటికి. అందుకే మేము వారిని దూరంగా పెట్టి, జ్ఞానుల రాకను తలచుకునే జనవరి 6 నాటికి దగ్గరకు జరుపుతాము. అమ్మిన దుకాణంవారు ఇది ఇంట్లో ఉంటే కీడు దరిచేరదని చెప్పడం నన్ను నిజంగా బాధించింది. క్రీస్తు జననాన్ని తాయెత్తుగా మార్చే ఆ మాట, బొమ్మలంటే భయపడేవారి భయాన్ని నిజం చేస్తుంది.

రెజిన్ పోత బొమ్మల కంటే ధర చాలా ఎక్కువ, అయినా పనితనానికి తగినదే. కొనేవారు చారలను గమనించాలి: అన్ని బొమ్మల మీదా ఒకే తీరున ఉంటే అది అచ్చువేసిన నకలు.