డీ-అడిక్షన్ సెంటర్‌కి అడ్వాన్స్ కట్టబోతున్నారా? కాస్త ఆగండి

మా బావగారిని మందు మాన్పించాలని హైదరాబాద్ శివార్లలో ఒక ప్రైవేటు సెంటర్‌లో చేర్చాం. నూరు శాతం గ్యారంటీ అన్నారు, ఇంటికే బండి పంపుతామన్నారు. నలుగురొచ్చి రెక్కలు పట్టుకుని ఎక్కించుకుపోయారు. మూడు నెలల ప్యాకేజీ డబ్బు మొత్తం ముందే కట్టాలి. మొదటి నెల ఫోన్ లేదు, చూడటానికి రావద్దు. అదేమంటే "మిమ్మల్ని చూస్తే బెంగపెట్టుకుంటారు" అన్నారు.

అక్క గొడవపెట్టుకుని లోపలికి వెళ్తే ఆయన గుండుతో కనిపించారు. చేరిన మూడో రోజే ఫిట్స్ వచ్చాయట, మాకు కబురే లేదు. డాక్టర్ వారానికోసారి వస్తారట, మిగతా రోజులు పాత పేషెంట్లే కాపలా. రోజూ బాగా తాగే మనిషికి ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు మూడు రోజుల్లోనే ఫిట్స్ రావచ్చు, మతి తప్పి ప్రాణం మీదికి రావచ్చు. దానికి మందులున్నాయి, బి1 విటమిన్ ఇంజెక్షన్లు ఉన్నాయి, పక్కన చూసుకునే మనిషి ఉండాలి. కేస్ షీట్ చూపించమని పట్టుబడితే తెచ్చారు. రోజూ బీపీ 120/80, ఒకే పెన్ను, ఒకే చేతిరాత. ఫిట్స్ వచ్చిన రోజు కూడా 120/80!

మద్యం, డ్రగ్స్ చికిత్స కూడా 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కిందికే వస్తుంది. పేషెంట్లను ఉంచుకునే సెంటర్‌కి రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ సర్టిఫికెట్ చూపించమనండి. బలవంతంగా గుండు కొట్టకూడదు, గొలుసులతో కట్టకూడదు. ఫోన్ మాట్లాడటం, వచ్చినవాళ్లను కలవడం పేషెంటు హక్కు. ఒప్పుకోని మనిషిని చేర్చుకోవాలంటే సైకియాట్రిస్టుతో కలిపి ఇద్దరు విడివిడిగా పరీక్షించాలి, అప్పుడైనా మొదట 30 రోజులకు మించి ఉంచకూడదు. మరి బలవంతంగా ఎత్తుకెళ్లిన మనిషికి మూడు నెలల ప్యాకేజీ ఎలా అమ్ముతారో! గ్యారంటీ అన్నవాళ్లను అసలు నమ్మొద్దు, ఈ జబ్బు తిరగబెట్టడం మామూలే.

రాత్రిపూట డ్యూటీలో ఎవరుంటారో, ఫిట్స్ వస్తే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారో అడగండి. పేషెంట్లు పడుకునే గది చూపించమనండి. ఆఫీసు రూములో ఏసీ, సోఫా చూసి సంతకం పెట్టేయకండి. ఎక్కడికెళ్లాలో తోచకపోతే 14446కి ఫోన్ చేయండి, కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్, ఉచితం. ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలోనూ మందు మాన్పిస్తారు, బావగారిని ఇప్పుడు అక్కడే చూపిస్తున్నాం.

కట్టిన డబ్బులో పైసా వెనక్కి రాలేదు. రసీదని ఇచ్చిన తెల్ల కాగితం మీద సెంటర్ పేరు కూడా లేదు. కనీసం మీరైనా ముద్ర ఉన్న రసీదు తీసుకోండి.