అలాస్కా క్రూజ్‌లో పక్షులు, తిమింగలాలు చూడాలంటే బాల్కనీ గది దండగ

సియాటెల్ నుంచి అలాస్కా క్రూజ్ బుక్ చేసేటప్పుడు ఏజెంటు ఒకటే పట్టు పట్టాడు. "బాల్కనీ తీసుకోండి మేడమ్, మంచం మీంచే తిమింగలాలు కనిపిస్తాయి. కుడివైపు గదైతే గ్లేసియర్లన్నీ మీకే" అన్నాడు. గ్లేసియర్లంటే కొండల మీంచి మెల్లగా జారే మంచునదులు. బాల్కనీ గది కిటికీ గది కంటే 640 డాలర్లు ఎక్కువ. అమ్మకి చలి పడదు, గదిలోంచే చూస్తుందిలే అని కట్టాం. ఆ రెండు మాటల్లో ఒక్కటీ నిజం కాదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

బాల్కనీలోంచి సముద్రం ఒక పక్కే కనిపిస్తుంది. అవతలి పక్క తిమింగలం ఊపిరి వదిలిందని కేకలు వినబడితే, మనం తలుపు తీసుకుని, లిఫ్ట్ కోసం ఆగి, పైకి వెళ్లేసరికి అది మునిగిపోయి ఉంటుంది. ఇక అలాస్కాలో నేషనల్ పార్కుగా ఉన్న గ్లేసియర్ బే అనే అఖాతంలో మార్జరీ గ్లేసియర్ ముందు ఓడ దాదాపు గంటసేపు ఆగి, రెండు వైపుల వాళ్లకీ కనబడేలా మెల్లగా తిరుగుతుంది. కుడి ఎడమల తేడాయే లేదు. రోజూ ఇవే టికెట్లు అమ్మే మనిషికి ఇది తెలియదంటే నేను నమ్మను.

చూడాల్సింది ప్రామినేడ్ డెక్ మీంచి, అంటే ఓడ బయటి నడక వరండా మీంచి. నీటికి దగ్గరగా ఉంటుంది, ఓడ చుట్టూ తిరగొచ్చు, పైసా అదనం లేదు. వాంకూవర్ ద్వీపానికి పడమట నడిసముద్రంలో ఓడ బాగా ఊగింది. మా ఆయన వాంతులతో మంచం దిగలేదు. నేను మాత్రం ఆ డెక్ మీదే సూటీ షియర్‌వాటర్లని చూశాను. రెక్క కదపకుండా అలల మీద ఒరుగుతూ పోయే ముదురు గోధుమ రంగు పక్షులివి. న్యూజిలాండ్, చిలీ వైపు దీవుల్లో గుడ్లు పెట్టి, మేత కోసం ఇంత దూరం వస్తాయి.

గ్లేసియర్ బే రోజు గురించి ఎంత చెప్పినా తక్కువే. పొద్దున్నే నేషనల్ పార్క్ రేంజర్లు చిన్న పడవలో వచ్చి, కదులుతున్న ఓడ పక్కనుంచి నిచ్చెన పట్టుకుని పైకెక్కారు. పార్కులోకి రోజుకి రెండు పెద్ద క్రూజ్ ఓడల్నే రానిస్తారు కాబట్టి తోపులాట లేదు. 1794లో నావికుడు జార్జ్ వాంకూవర్ బృందం వచ్చినప్పుడు ఈ బే అంతా మంచేనట. మంచు వెనక్కి తగ్గేకొద్దీ సముద్రం లోపలికొచ్చింది. చేపలు, సీల్స్ తర్వాత వచ్చినవే అని ఒక రేంజరమ్మ ఓపిగ్గా చెప్పింది. రెండు స్వెటర్ల మీద శాలువా కప్పుకుని "గదికి పోదామే" అంటున్న అమ్మ చేతికి తన బైనాక్యులర్సే ఇచ్చింది. నీళ్ల మీద వెల్లకిలా తేలుతూ, పిల్లని పొట్టమీద పడుకోబెట్టుకున్న సీ ఆటర్ (సముద్రపు నీటికుక్క) అమ్మకి కనబడింది. ఇక చలి మాట మళ్లీ ఎత్తలేదు. మార్బుల్ దీవుల దగ్గర పఫిన్ అనే సముద్రపు పక్షిని నాకంటే ముందు పట్టింది కూడా అమ్మే. నల్లటి ఒళ్లు, తెల్లటి మొహం, లావుపాటి నారింజ ముక్కు, తల వెనక్కి వాలిన పసుపు కుచ్చులు. గబగబా రెక్కలు కొట్టుకుంటూ నీటిని ఆనుకునే పోయింది. మార్జరీ పక్క కొండ మీద కిట్టివేక్‌లనే సముద్రపు కాకుల్లాంటి తెల్ల పక్షుల గూళ్లున్నాయి. మంచుపెళ్ల విరిగి పడ్డప్పుడల్లా నీళ్లలో పైకి తేలే మేత కోసం గుంపుగా దిగుతున్నాయి.

దారిలో ఓడ ఆగే స్కాగ్వే, కెచికాన్ ఊళ్లు హాయిగా గడిచాయి.

బైనాక్యులర్స్ 8x42 రకం (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మి.మీ.) మనిషికొకటి ఉండాలి. మేం 140 డాలర్లకి ఒకటే కొని, దాని కోసం ఇంటిల్లిపాదీ కీచులాడుకున్నాం. ఫోన్ కెమెరాకి పక్షులు చుక్కల్లా వస్తాయి.

ఓడ ఆగే జూనో ఊళ్లో తిమింగలాలు చూపించే చిన్న పడవ మాత్రం మానొద్దు. ఓడలో బుక్ చేస్తే మనిషికి 219 డాలర్లన్నారు, రేవులో దిగి అడిగితే 159. రెండూ వెళ్లేది దగ్గర్లోని ఆక్ బే అఖాతానికే. హంప్‌బ్యాక్ తిమింగలానికి 100 గజాల లోపు వెళ్లకూడదని రూలు, మా కెప్టెన్ దాన్ని గట్టిగా పాటించాడు. అంత దూరంలోంచే తోక అడుగున తెలుపు నలుపు మచ్చలు స్పష్టంగా కనబడ్డాయి. ఏ రెండింటికీ అవి ఒకేలా ఉండవు, వాటిని బట్టే ఏది ఏ తిమింగలమో గుర్తుపడతారు. బాల్కనీకి పోసిన 640తో నలుగురం ఈ పడవెక్కొచ్చు. కాకపోతే ఓడ కదిలే టైముకి కనీసం గంటన్నర ముందు వెనక్కి తెచ్చే పడవే ఎంచుకోండి. బయట బుక్ చేసుకున్నవాళ్ల కోసం ఓడ ఆగదు.