ప్లగ్గు పెట్టినా ఛార్జ్ ఎక్కని లాప్‌టాప్: సీటీసీలో దొరికిన మంచి రిపేర్ షాపు

మా ఇంటి దగ్గర సర్వీస్ సెంటర్‌లో నా లాప్‌టాప్‌ని కనీసం ఆన్ చేసి చూడకుండానే "బ్యాటరీ పోయింది, 4,800 అవుతుంది, అప్పటికీ ఎక్కకపోతే మదర్‌బోర్డు చూడాలి" అన్నారు. నాకు మనసొప్పలేదు. మర్నాడు ప్యారడైజ్ మెట్రో దగ్గర దిగి, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీకి, అంటే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి నడిచి వెళ్లాను. పై అంతస్తులో ఇద్దరు నిలబడితే నిండిపోయే షాపు అది. ఈ రివ్యూ ఆ షాపు గురించే.

ముందు నా సమస్య చెప్తాను, చాలామందికి ఇదే వస్తుంది కాబట్టి. నేను ఇంటి నుంచి ఆన్‌లైన్ ట్యూషన్లు చెప్తాను. ఒకరోజు ఛార్జింగ్ 23 శాతం దగ్గర ఆగిపోయింది. ప్లగ్గు ఉన్నంతసేపు పనిచేస్తుంది, కింద మాత్రం "ప్లగ్డ్ ఇన్, నాట్ ఛార్జింగ్" అని ఉంటుంది, ప్లగ్గు తీస్తే ఆ 23 కూడా తరిగిపోతుంది. క్లాసు మధ్యలో కరెంటు పోతుందేమోనని రోజూ టెన్షనే. దానికి తోడు మెషిన్ బాగా నెమ్మదించింది. ఆన్ చేసినప్పుడల్లా అడాప్టర్‌ని, అంటే ఛార్జర్‌ని, గుర్తించలేకపోతున్నానని ఒక మెసేజ్ వచ్చేది, ఎంటర్ కొట్టి ముందుకెళ్లిపోయేదాన్ని.

ఇంట్లో చేయగలిగినవి చేశాను. షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసేసి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకున్నాను. డివైస్ మేనేజర్‌లో బ్యాటరీ డ్రైవర్ తీసేసి రీస్టార్ట్ చేశాను. రెండూ పనిచేయలేదు. బాగా పనికొచ్చింది మాత్రం బ్యాటరీ రిపోర్ట్: కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ, ఒక స్పేస్, స్లాష్, ఆ వెంటనే బ్యాటరీరిపోర్ట్ అని కలిపి ఇంగ్లిష్‌లో కొడితే విండోస్ ఒక ఫైల్ ఇస్తుంది. కొత్తప్పుడు కెపాసిటీ 42,000 మిల్లీవాట్ అవర్లు, ఇప్పుడు 33,000. అంటే ఇంకా దాదాపు 79 శాతం ఉంది. ఇంత ఉన్న బ్యాటరీని పోయిందని ఎలా అంటారు?

షాపులో అన్న ముందు అడిగింది ఒక్కటే. "ఛార్జర్ తెచ్చారా అక్కా?" తెచ్చాను. మల్టీమీటర్ పెట్టి చూశాడు, 19.5 వోల్టులు సరిగ్గా వస్తున్నాయి. ఇక్కడితో ఆపేస్తే ఛార్జర్ బాగానే ఉందనుకోవాల్సిందే, కానీ తన దగ్గరున్న అదే రకం 65 వాట్ల ఛార్జర్ తీసి నా లాప్‌టాప్‌కి పెట్టాడు. మెసేజ్ రాలేదు, 23 కాస్తా 24 అయింది! "బ్యాటరీ మంచిగనే ఉంది అక్కా, మీ పిన్నులో వైరు తెగింది" అన్నాడు.

గుండ్రటి పిన్ను ఉండే కొన్ని ఛార్జర్లలో మధ్యన సన్నని సూది ఒకటి ఉంటుంది. కరెంటు వచ్చేది చుట్టూ ఉన్న గొట్టం నుంచి, సూది పని ఈ ఛార్జర్ ఎన్ని వాట్లదో లాప్‌టాప్‌కి చెప్పడం. ఆ సమాచారం అందకపోతే లాప్‌టాప్ జాగ్రత్తపడి బ్యాటరీకి ఛార్జింగ్ ఆపేస్తుంది, ప్రాసెసర్ వేగం కూడా తగ్గించేస్తుంది. మెషిన్ స్లో కావడానికీ అదే కారణమని అప్పుడు అర్థమైంది. మంచం పక్కన వైరు రోజూ మడత పడేది, తెగింది అక్కడే.

కొత్త ఛార్జర్ అమ్మే అవకాశం ఉండి కూడా రెండు దారులూ చెప్పాడు: పిన్ను దగ్గర కొత్త వైరు అతికిస్తే 350, కొత్త ఛార్జర్ అయితే 1,650. నేను వైరే మార్పించుకున్నాను. నేనుండగానే ఒక అబ్బాయి లాప్‌టాప్ 60 దగ్గర ఆగిపోతోందని వచ్చాడు. అది లెనోవో, వాంటేజ్ యాప్‌లో కన్జర్వేషన్ మోడ్ ఆన్‌లో ఉంది. ఎప్పుడూ ప్లగ్గులోనే ఉంచేవాళ్ల బ్యాటరీ ఎక్కువకాలం రావడానికి ఛార్జింగ్‌ని మధ్యలోనే ఆపేసే సదుపాయం అది. అన్న దాన్ని ఆఫ్ చేసి ఇచ్చేశాడు, పైసా తీసుకోలేదు. ఆసుస్ వాటిలోనూ ఇలాంటి లిమిట్ ఉంటుంది, రిపేరుకు పరిగెత్తే ముందు చూసుకోండి. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టుంటే మాత్రం బ్యాటరీ ఉబ్బిందేమోనని అనుమానించాలి, అప్పుడు ఛార్జింగ్ పెట్టకుండా వెంటనే చూపించాలి.

నచ్చనివి కూడా ఉన్నాయి. కూర్చోవడానికి స్టూలు కూడా లేదు, గంటన్నర నిలబడ్డాను, పెద్దవాళ్లకు కష్టం. బిల్లు అడిగితే గానీ ఇవ్వలేదు, మూడు నెలల వారంటీ నోటి మాటగా చెప్తే బిల్లు మీద రాయించుకున్నాను. పార్కింగ్ కోసం తిప్పలు పడకుండా మెట్రోలో వెళ్లడమే మేలు.

ఆరు వారాలైంది, రోజూ 100 వరకు ఎక్కుతోంది. వెళ్లేవాళ్లు లాప్‌టాప్‌తో పాటు ఛార్జర్ తప్పకుండా పట్టుకెళ్లండి, చాలామంది ఇంట్లో వదిలేసి వస్తారని అన్న బాధపడ్డాడు.