క్లచ్ ఉన్న వ్యాన్, క్లచ్ లేని వ్యాన్: న్యూజిలాండ్ సౌత్ ఐలాండ్‌లో రెండు ట్రిప్పులు

ఆర్థర్స్ పాస్ కొండ దారిలో, ఒటిరా వంతెనకి కాస్త కింద రోడ్డు పని జరుగుతోంది. నారింజ రంగు కోటు వేసుకున్న మనిషి చేతిలో పలక తిప్పి ఎర్ర వైపు చూపించాడు. ఆపాను. ఆపిన చోటు ఎలాంటిదంటే, ముందు అద్దంలోంచి రోడ్డు కన్నా ఆకాశమే ఎక్కువ కనిపిస్తోంది. వెనక అద్దం నిండా ఒక ట్యాంకర్ మూతి. కాసేపటికి పలక పచ్చకి తిరిగింది. హ్యాండ్ బ్రేక్ వదిలి హాఫ్ క్లచ్ మీద లేపబోతే బండి ఒక అడుగు వెనక్కి జారింది. గుండె గొంతులోకి వచ్చింది. రెండోసారి బాగా రేస్ ఇచ్చి లేపాను. లేచింది కానీ, వంటా పడకా లోపలే ఉండే మా అద్దె క్యాంపర్ వ్యాన్ అంతా మాడు వాసన.

"పొయ్యి మీద ఏమైనా వదిలేశామా అండీ?" అంది మా ఆవిడ.

పొయ్యి కాదు, క్లచ్ ప్లేట్. ఇది 2019 మార్చి సంగతి. ఇరవై ఏళ్లుగా హైదరాబాద్ ట్రాఫిక్‌లో గేర్లు మార్చినవాడిని, శ్రీశైలం ఘాట్ ఎన్నిసార్లు ఎక్కి దిగానో లెక్కలేదు, నాకు ఆటోమేటిక్ ఎందుకని మాన్యువల్ బుక్ చేశాను. రోజుకి 20 డాలర్లు తక్కువ పడటం కూడా ఒక కారణం. నిజం చెప్పాలంటే అదే పెద్ద కారణం.

మళ్లీ 2024 నవంబర్‌లో, ఈసారి పన్నెండేళ్ల అమ్మాయితో కలిసి, దాదాపు అదే దారిలో తిరిగాం. క్రైస్ట్‌చర్చ్‌లో మొదలై టెకాపో, మౌంట్ కుక్, లిండిస్ పాస్, వానకా, క్రౌన్ రేంజ్ మీదుగా క్వీన్స్‌టౌన్. అక్కణ్ణుంచి హాస్ట్ దాటి వెస్ట్ కోస్ట్, హోకిటికా, ఆర్థర్స్ పాస్, తిరిగి క్రైస్ట్‌చర్చ్. రెండోసారి తీసుకున్నది ఆటోమేటిక్. ఒకే రోడ్డు రెండు రకాల బండ్లతో చూసినవాళ్లు తక్కువ ఉంటారు కాబట్టి ఇది రాస్తున్నాను.

ముందు మనవాళ్లకి పనికొచ్చే మాట ఒకటి. న్యూజిలాండ్‌లో కూడా బండి ఎడమ వైపే నడపాలి, స్టీరింగ్ కుడి వైపే, గేర్ ఎడమ చేతికే. ఇంగ్లీషులో ఉన్న మన లైసెన్స్ చాలు. అందుకే ఇక్కడ మాన్యువల్ తీసుకున్నా చెయ్యి తడబడదు. అదే యూరప్‌లోనో అమెరికాలోనో అయితే కుడి చేత్తో గేర్ వెయ్యాలి. మొదటి రెండు రోజులు గేర్ కోసం చెయ్యి డోర్ హ్యాండిల్ వైపు పోతూనే ఉంటుంది. అక్కడికి వెళ్తే ఆలోచించకుండా ఆటోమేటిక్ తీసుకోండి. న్యూజిలాండ్‌లో మాత్రం ఆలోచించాలి.

మాన్యువల్ గురించి చెడు చెప్పి మొదలుపెట్టాను కదా, మంచి కూడా చెప్పాలి. 2019లో మౌంట్ కుక్ దగ్గర వైట్ హార్స్ హిల్ క్యాంప్‌సైట్‌లో దిగాం. ప్రభుత్వ కన్జర్వేషన్ శాఖ వాళ్లది. కరెంటు లేదు, చన్నీళ్లే, కానీ హుకర్ వ్యాలీ నడక దారి మొదలయ్యేది అక్కడే. పొద్దున్నే తలుపు తీస్తే ఎదురుగా మంచు కొండలు. పోనూ రానూ పది కిలోమీటర్లు నడిచి వచ్చేసరికి తెలిసింది, హెడ్‌లైట్లు ఆపకుండా వెళ్లిపోయామని. క్యాంపర్ వ్యాన్‌లో రెండు బ్యాటరీలుంటాయి. లోపలి లైట్లకి, నీళ్ల పంపుకి ఒకటి, ఇంజన్‌కి ఒకటి. మేం పోగొట్టుకున్నది ఇంజన్‌ది. కీ తిప్పితే టక్ టక్‌మంటుందే తప్ప లేవదు. పక్క వ్యాన్లలోంచి ముగ్గురు కుర్రాళ్లు వచ్చి, ఏ దేశంవాళ్లో అడగనే లేదు, మా ఊరి బస్టాండులో ఆటో తోసినట్టు తోశారు. సెకండ్ గేర్‌లో పెట్టి క్లచ్ వదిలాను. ఒక్క కుదుపు, లేచింది. ఆటోమేటిక్ అయితే ఈ కథ ఇలా జరగదు. తోస్తే స్టార్ట్ అయ్యే బండి కాదది. ఇంకో బండి బ్యాటరీ నుంచి కరెంటు అందించే జంపర్ కేబుళ్లు ఉన్నవాడు దొరికేదాకా కూర్చోవాల్సిందే. రెండో ట్రిప్‌లో కేబుళ్లు అడిగి మరీ తీసుకున్నాను.

లిండిస్ పాస్ 971 మీటర్ల ఎత్తు. అయినా ఎక్కుడు నెమ్మదిగా ఉంటుంది, మాన్యువల్‌తో హాయిగా సాగింది. గడ్డి కొండల మధ్య థర్డ్‌లో ఒకే వేగంతో పోతుంటే పాటలు పెట్టుకోబుద్ధవుతుంది. వెస్ట్ కోస్ట్‌లో వరసగా వచ్చే ఒంటి లేన్ వంతెనల దగ్గర మాత్రం విసుగొచ్చింది. ఎదుటివాళ్లకి దారి ఇవ్వాలని బోర్డు ఉంటే ఆగాలి, మళ్లీ ఫస్ట్, సెకండ్, థర్డ్. కిలోమీటరు పోగానే ఇంకో వంతెన. క్వీన్స్‌టౌన్ ఫ్రాంక్‌టన్ వైపు సాయంత్రం ట్రాఫిక్ అయితే మన అమీర్‌పేటే. వ్యాన్ క్లచ్ కారు క్లచ్‌లా మెత్తగా ఉండదు. ఆ రాత్రి ఎడమ మోకాలికి నూనె రాసుకుని పడుకున్నాను.

అసలు నష్టం వేరే. మా ఆవిడ డ్రైవింగ్ స్కూల్లో మాన్యువల్ మీదే నేర్చుకుంది, కానీ తర్వాత నడిపిందంతా ఆటోమేటిక్. పరాయి దేశంలో, అంత పొడుగు బండిని, గేర్లతో నడపనంది. దాంతో పన్నెండు రోజులూ నేనే డ్రైవర్‌ని. వానకా నుంచి హాస్ట్ దాకా ఎడమ పక్క ఒక సరస్సు, కుడి పక్క ఒక సరస్సు వచ్చిపోతుంటాయట. నాకు కనిపించింది తెల్ల గీత. ఇంటికొచ్చాక ఫొటోల్లో చూశాను.

ఇంకొకటి. క్రైస్ట్‌చర్చ్‌లో బండి తిరిగి ఇచ్చేటప్పుడు అక్కడి కుర్రాడు ఒక్క రౌండ్ తిప్పి, ముక్కు ఎగబీల్చి, నా వైపు చూశాడు. అప్పుడు తీసి చదివాను ఒప్పందం. ఎక్కువ డబ్బు కట్టి తీసుకున్న ఫుల్ ఇన్సూరెన్స్‌లో కూడా క్లచ్ కాలితే మనదే ఖర్చు. ఇది ఆ ఒక్క కంపెనీ మాటే కాదు, చాలా రెంటల్ ఒప్పందాల్లో ఉండేదే. అదృష్టం బాగుండి ఏమీ వెయ్యలేదు. రోజుకి 20 డాలర్ల మిగులు ఆ ఒక్క చూపుతో హరించుకుపోయేది.

2024కి వస్తే, ఈసారి తీసుకున్నది పాత జపనీస్ వ్యాన్, నాలుగు గేర్ల ఆటోమేటిక్. ఒప్పజెప్పేటప్పుడు అరగంట గ్యాస్ పొయ్యి, టాయిలెట్ క్యాసెట్ (మురుగు నిండే పెట్టె), నీళ్ల ట్యాంకుల గురించి చెప్పారు. గేర్ లివర్ గురించి ఒక్క ముక్క లేదు. ఆటోమేటిక్ కదా, డి (డ్రైవ్) లో పెట్టి పోవడమే అనుకున్నారేమో. మేమూ అలాగే అనుకున్నాం.

ఆ అనుకోవడం క్రౌన్ రేంజ్ దాకా పని చేసింది. న్యూజిలాండ్ ప్రధాన తారు రోడ్లలో అన్నిటికన్నా ఎత్తైనది ఇదే, 1,076 మీటర్లు. వానకా వైపు నుంచి కార్డ్రోనా మీదుగా మెల్లగా ఎక్కుతుంది. కష్టం అవతలి వైపు. అక్కడ హెయిర్‌పిన్ మలుపులతో ఒక్కసారిగా కిందికి దించేస్తుంది. స్టీరింగ్ దగ్గర మా ఆవిడ. డి లోనే ఉంచి, మలుపు మలుపుకీ బ్రేక్ తొక్కుతూ దిగుతోంది. నాలుగో మలుపు తర్వాత మళ్లీ అదే రకం వాసన, ఈసారి చక్రాల దగ్గర్నుంచి. పెడల్ కొంచెం మెత్తబడిందంది. పక్కన ఖాళీ చోటు చూసి ఆపేశాం.

ఇక్కడే రెండు రకాల బండ్లకీ తేడా తెలుస్తుంది. మాన్యువల్‌లో దిగుడు వస్తే చెయ్యి దానంతటదే సెకండ్‌కి పోతుంది, ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. ఏ గేర్‌లో ఎక్కితే ఆ గేర్‌లో దిగాలని మా నాన్న లారీ డ్రైవర్ల దగ్గర విని నాకు చెప్పిన మాట. ఆటోమేటిక్‌లో ఆ పని మనం అడిగితేనే జరుగుతుంది. డి లో వదిలేస్తే దిగుడులో పాత గేర్ బాక్స్ పై గేర్‌కి వెళ్లిపోతుంది, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. లోపల సామాను, నీళ్ల ట్యాంకు, ముగ్గురు మనుషులు ఉన్న వ్యాన్‌కి అది చాలా ఎక్కువ. లివర్ మీద 2, ఎల్ అని కింది గేర్లు ఉన్నవి ఇందుకే. కొన్ని బండ్లలో ప్లస్, మైనస్ ఉంటాయి. మా దాంట్లో ఓవర్‌డ్రైవ్‌ని, అంటే అన్నిటికన్నా పై గేర్‌ని, ఆపే బటన్ కూడా ఉంది. బ్రేకులు చల్లారేదాకా ఇరవై నిమిషాలు కూర్చుని, తర్వాత 2 లో పెట్టి దిగాం. ఇంజన్ పెద్దగా మూలిగింది. "అమ్మా, బండి ఏడుస్తోంది" అంది అమ్మాయి. ఏడవనీ, బ్రేక్ పెడల్ మాత్రం గట్టిగానే ఉంది.

తర్వాత ఇబ్బంది రాలేదు. ఎక్కుడులో గేర్ బాక్స్ థర్డ్‌కీ ఫోర్త్‌కీ మధ్య ఊగిసలాడుతుంటే అదే బటన్ నొక్కితే కుదురుకునేది. హాస్ట్ దాకా ఆవిడ, అక్కణ్ణుంచి నేను. ఈసారి హావియా సరస్సు నా కళ్లతో చూశాను. ఒటిరా దగ్గర పలక మనిషి లేడు కానీ, ఉన్నా ఫరవాలేదనిపించింది. 1999లో తెరిచిన ఆ 440 మీటర్ల వంతెన మీద కాలు ఎక్సలేటర్ మీదే ఉంచి ఎక్కేశాను. పైన వ్యూ పాయింట్ దగ్గర కియా చిలకలు దిగి మా కిటికీ రబ్బరు పీకడం మొదలుపెట్టాయి. బండి ఏ రకమైనా వాటికి ఒకటే.

ఆటోమేటిక్‌కి ఇంకో అలవాటు కావాలి. వాలులో ఆపేటప్పుడు ముందు బ్రేక్ తొక్కి, హ్యాండ్ బ్రేక్ లాగి, ఆ తర్వాత పి (పార్క్) లో పెట్టాలి. నేరుగా పి లో పెట్టేస్తే బండి బరువంతా గేర్ బాక్స్ లోపలి చిన్న కొక్కెం మీద పడుతుంది, పొద్దున లివర్ తీస్తే ధడేల్‌మంటుంది. ఫాక్స్ గ్లేషియర్‌లో ఒక రాత్రి అలా చేసి పక్క వ్యాన్‌వాళ్లని లేపేశాను.

బుక్ చేసేటప్పుడు "ఆటోమేటిక్" అని రాసి ఉంటే అది ఏ ఆటోమేటిక్ అని కూడా అడగండి. యూరప్‌లో తయారైన కొన్ని పాత క్యాంపర్లలో ఉండేది మన మారుతి సెలెరియోతో 2014లో వచ్చిన ఏఎంటీ లాంటిది. లోపల క్లచ్ ఉంటుంది, కాకపోతే తొక్కేది మన కాలు కాదు, మెషీన్. గేర్ మారినప్పుడల్లా తల ముందుకి ఊగుతుంది. వాలులో ఎక్సలేటర్ మీదే బండిని నిలబెడితే ఒటిరాలో నాకొచ్చిన వాసనే వస్తుంది. కొండ దారులకి, క్లచ్ బదులు నూనె ద్వారా శక్తి పంపే టార్క్ కన్వర్టర్ రకమే సుఖం.

డీజిల్, పెట్రోల్ సంగతి కూడా చూసుకోవాలి. డీజిల్ బండ్లకి అక్కడ రోడ్ యూజర్ చార్జి, అంటే తిరిగిన కిలోమీటర్లని బట్టి కట్టే రోడ్డు పన్ను, వేరుగా ఉంటుంది. మేం రెండోసారి వెళ్లిన 2024లో చిన్న బండ్లకి వెయ్యి కిలోమీటర్లకి 76 డాలర్లు. రెంటల్ వాళ్లు చాలామంది దాన్ని చివర్లో బిల్లులో వేస్తారు. మూడున్నర టన్నులు దాటిన మోటార్ హోమ్ తీసుకుంటే వంద కాదు, తొంభై కిలోమీటర్ల వేగమే పరిమితి.

బసల్లో మాకు నచ్చింది టెకాపో. సరస్సు పక్కనే హాలిడే పార్క్, కరెంటు ఉన్న సైటు. 1935లో కట్టిన రాతి చర్చి దగ్గరికి నడిచి పోవచ్చు. నవంబర్ చివరికి లుపిన్ పూలు విరగబూస్తాయి. రాత్రి ఆకాశం గురించి నేను వర్ణించను, చీకటి ఆకాశాల రిజర్వ్ అది, వెళ్లి చూడండి. వేడి నీళ్లు, వంటగది అన్నీ ఉన్నాయి, పప్పుచారు, బంగాళాదుంప వేపుడు చేసుకున్నాం. హాస్ట్‌లో మాత్రం ఒక్క రాత్రికి మించి ఉండకండి. శాండ్‌ఫ్లైలు అనే చిన్న ఈగలు కుడితే దద్దుర్లు వారం పోవు. ఖర్చు తగ్గించుకోవడానికి బయట ఉచితంగా ఆపుకోవాలంటే టాయిలెట్, నీళ్లు అన్నీ లోపలే ఉన్నాయని చెప్పే సెల్ఫ్ కంటైన్డ్ సర్టిఫికెట్ ఉన్న వ్యానే కావాలి. 2023లో వచ్చిన చట్టంతో టాయిలెట్ వ్యాన్‌లో బిగించి ఉండాలన్నారు, సీటు కింద దాచిన పెట్టె టాయిలెట్ ఇక చెల్లదు. దాన్ని ఖాళీ చేసే డంప్ స్టేషన్లు ఊరూరా ఉన్నాయి, శుభ్రంగానూ ఉన్నాయి. ఆ పని ఎవరు చెయ్యాలన్నది మా ఇంట్లో తేలనే లేదు. నడిపినవాళ్లకి మినహాయింపు అని మొదటి ట్రిప్‌లో నేను పెట్టిన రూలు, రెండో ట్రిప్‌లో నాకే అడ్డం తిరిగింది.

వచ్చే ఏడాది నార్త్ ఐలాండ్ అనుకుంటున్నాం. బుకింగ్ ఫారం ఆవిడే నింపింది. గేర్ బాక్స్ దగ్గర ఏం టిక్ పెట్టిందో నేను అడగలేదు. డ్రైవర్ల పేర్ల దగ్గర మాత్రం ఆవిడ పేరు పైన ఉంది, నాది కింద. "జంపర్ కేబుల్స్ కూడా కావాలని రాశానండీ" అంది.