ఒకే మాయ కవలలైతే ఇక్కడికి వెళ్లండి, నడుముకు దిండు మాత్రం తీసుకెళ్లండి

హైదరాబాద్‌లోని ఈ ఫీటల్ మెడిసిన్ కేంద్రానికి, అంటే కడుపులోని బిడ్డలకు వైద్యం చేసే చోటుకు, ఐదుకు నాలుగు ఇస్తున్నాను. తగ్గించిన ఆ ఒక్కటీ డాక్టర్ల వల్ల కాదు, హాలులోని ఇనుప కుర్చీల వల్ల, బిల్లు కౌంటర్ వల్ల.

మాది ఖమ్మం. అక్కడ తీయించిన మొదటి స్కానింగ్ రిపోర్టులో కవలలనీ, ఇద్దరి గుండె కొట్టుకుంటోందనీ రాశారు. మాయ (ప్లాసెంటా) ఒకటా, రెండా అన్న ముక్కే లేదు. మా గైనకాలజిస్ట్ అది చూసి, పద్నాలుగో వారం దాటితే ఆ సంగతి తేల్చడం కష్టమవుతుందని, వెంటనే ఇక్కడికి పంపారు. నేను బ్యాంకు ఉద్యోగిని, అంకె లేని కాగితం నాకు ఆనదు. ఇక్కడి రిపోర్టులో పిల్లలిద్దరి మధ్య పొర మాయను కలిసే చోటు ఎలా ఉందో రాసి, ఫోటో కూడా జత చేశారు. పొర పలుచగా వచ్చి టీ అక్షరంలా ఆనితే మాయ ఒకటే. కలిసే చోట మందంగా, ముక్కోణంగా ఉంటే రెండు మాయలు. మాకు ఉమ్మనీటి సంచులు రెండు, మాయ ఒకటి.

దాంతో వచ్చే చిక్కేమిటో డాక్టరమ్మ ఫైలు అట్ట వెనక బాల్‌పెన్నుతో బొమ్మ గీసి చెప్పారు. మాయ ఒకటే కాబట్టి ఇద్దరి రక్తనాళాలూ దాని మీద కలుస్తాయి. ఇలాంటి గర్భాల్లో నూటికి 10 నుంచి 15 వరకు, ఒక బిడ్డ రక్తం రెండో బిడ్డ వైపు ఎక్కువగా మళ్లుతుంది. ఇచ్చే బిడ్డకు మూత్రం తగ్గి ఉమ్మనీరు ఇంకిపోతుంది, పుచ్చుకునే బిడ్డ సంచిలో ఉమ్మనీరు పొంగిపోతుంది. అందుకే 16వ వారం నుంచి రెండు వారాలకోసారి స్కానింగ్‌కు రమ్మన్నారు. డబ్బు కోసమే ఇన్నిసార్లు పిలుస్తారని మా బంధువుల్లో ఒకాయన తేల్చేశారు. ఆయనకు అన్ని ఆసుపత్రుల మీదా అదే అభిప్రాయం.

19వ వారంలో పొట్ట ఉన్నట్టుండి బిగిసిపోయింది. వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందలేదు. ఫోను చేస్తే, "ఇచ్చిన తేదీ దాకా ఆగకండమ్మా, ఈ రోజే బయలుదేరండి" అని సిస్టర్ చెప్పారు. ఈ ఒక్క మాటకే వీళ్లకు నాలుగు మార్కులు.

ఒక సంచిలో నీటి లోతు 9.3 సెంటీమీటర్లు, రెండోదాంట్లో 1.4. ఆ వారాల్లో ఒకవైపు 8 దాటి, రెండో వైపు 2 కన్నా తగ్గితే జబ్బు ఉన్నట్టే. నీరు తగ్గిన చిన్న బిడ్డ మీద పొర పాలిథిన్ కవరు చుట్టినట్టు అతుక్కుపోయింది, కదలడానికి చోటే లేదు. డాక్టరమ్మ ప్రోబ్ అక్కడే ఆనించి, బిడ్డ మూత్రాశయం నిండుతుందేమోనని చాలాసేపు చూశారు. నిండలేదు. ఈ జబ్బు ఎంత ముదిరిందో దశలుగా చెప్పే క్వింటెరో వర్గీకరణ ప్రకారం అది రెండో దశ.

ఉమ్మనీరు తక్కువంటే కొబ్బరినీళ్లు తాగమని ఇంట్లో అందరూ అన్నారు. తల్లి ఒకతే, ఒక బిడ్డకు కరువు, ఇంకో బిడ్డకు వరద. నేను తాగే నీళ్లతో తేలే లెక్క కాదది.

లేజర్ చికిత్స ఈ బృందమే చేసింది. అంతకుముందు మా వారినీ నన్నూ కూర్చోబెట్టి తెలుగులో అంతా చెప్పారు. ఇద్దరూ దక్కవచ్చు, ఒకరే దక్కవచ్చు, ఎవరూ దక్కకపోవచ్చు, ఆ తర్వాత పొర చిరిగి నెలలు నిండకుండానే నీరు పోవచ్చు. ఇంత నిక్కచ్చిగా చెప్పడం అత్తయ్యకు నచ్చలేదు. నాకు మాత్రం ధైర్యం వచ్చింది. పొట్టలోకి సన్నని కెమెరా గొట్టం పంపి, ఆ కలిసిన నాళాలను లేజర్‌తో మూసేశారు. తర్వాత ఎక్కువైన నీరు తీశారు. అది సీసాలోకి చేరుతుంటే పక్కటెముకల కింద బిగువు వదులవడం నాకు స్పష్టంగా తెలిసింది.

33వ వారంలో నీరు పోయింది. స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, సిజేరియన్, పిల్లలకు ఐసీయూ. ఇద్దరూ ఇంటికొచ్చారు. చిన్నది ఇప్పటికీ బరువు తక్కువే, గొంతు మాత్రం పెద్దది.

ఇక తిట్టాల్సినవి. పది గంటలకని రాసిస్తారు, పిలిచేసరికి భోజనాల వేళ దాటుతుంది. ఆ కుర్చీల్లో కవలల పొట్టతో అంతసేపు కూర్చోవడం శిక్షే. వచ్చిన ప్రతిసారీ ఫారం ఎఫ్ నింపాలి. లింగ నిర్ధారణను నిషేధిస్తూ 1994లో వచ్చిన చట్టం అడిగే కాగితమది, దాన్ని తప్పుపట్టను. కానీ అంత జనానికి ఒకే కౌంటరా? లేజర్ ఖర్చు మాటల్లో ఒకటి చెప్పారు, బిల్లులో లేజర్ ఫైబర్‌కు (లేజర్‌ను లోపలికి పంపే సన్నని తీగకు) వేరుగా వేశారు. అడిగితే "అది ఎప్పుడూ వేరే మేడమ్" అన్నారు, ముందే చెప్పవలసిన పని లేనట్టు. అంచనా కాగితం మీద రాయించుకోండి, ఫైబర్ అందులో కలిసిందో లేదో అడగండి. బీమా ఉంటే ముందస్తు అనుమతికి ఆ కాగితం ఎలాగూ కావాలి.

కింద క్యాంటీన్‌లో పెరుగన్నం బాగుంటుంది. రెండు గంటలకల్లా అయిపోతుంది, మీ వంతు రాకపోయినా మీతో వచ్చినవాళ్లను ముందే పంపి తెప్పించుకోండి.