టిప్పింగ్ బకెట్ వర్షమాపకం: మారుమూల వాగుకు కాపలా కాయగలదా?

పైన గరాటు, లోపల ఊయలలా ఊగే రెండు చిన్న గిన్నెలు, పక్కన అయస్కాంతం, అది దగ్గరికొస్తే పనిచేసే రీడ్ స్విచ్. ఒక గిన్నె నిండితే ఒరిగి నీళ్లు పారబోస్తుంది, రెండోది దాని స్థానంలోకి వస్తుంది. ఒరిగిన ప్రతిసారీ డేటా లాగర్‌లో, అంటే లెక్కను నమోదు చేసి పంపే పెట్టెలో, ఒక అంకె పెరుగుతుంది. పరికరం మొత్తం ఇంతే. గరాటు నోరు 200 చదరపు సెంటీమీటర్లు, ఒరుగుకు 0.2 మిల్లీమీటర్ల వాన లెక్కించే రకం గురించి ఈ సమీక్ష. మామూలు వానకు దీని లెక్క బాగానే ఉంటుంది. ఇబ్బందల్లా అది చూపించే సున్నాతోనే.

గరాటు జాలీలో నాలుగు ఆకులు, ఒక పిట్ట రెట్ట, అడుగున కందిరీగ గూడు ఉంటే చాలు, నీళ్లు గిన్నెదాకా దిగవు. బయట కుండపోత, తెరమీద 0.0. వాన వెలిసిన తర్వాత కూడా గంటల తరబడి సన్న జల్లు కురుస్తున్నట్టు చూపిస్తే గరాటు సగం పూడిందని అర్థం. లాగర్ రోజుకు ఒక్కసారైనా ‘బతికే ఉన్నాను’ అని సందేశం పంపాలి. లేకపోతే వాన లేదో, బ్యాటరీ చచ్చిందో తేల్చుకోలేం. ఆ సందేశం వచ్చినా గరాటు శుభ్రంగా ఉందని కాదు, దాన్ని మనిషి వెళ్లి చూడాల్సిందే.

రెండో లోపం జోరువానలో బయటపడుతుంది. గంటకు 100 మిల్లీమీటర్ల జోరులో గిన్నె 7.2 సెకన్లకోసారి ఒరుగుతుంది. ఒరిగే ఆ అర సెకనులో పడే నీళ్లలో కొంత లెక్కకు రాదు. పావు సెకను పోయిందనుకున్నా మూడున్నర శాతం తక్కువ చూపిస్తుంది. జోరు రెట్టింపైతే తప్పూ సుమారు రెట్టింపే. వరద తెచ్చే వాననే తక్కువ చేసి చెప్పడం ఈ యంత్రం స్వభావం. ఏ జోరుకు ఎంత కలపాలో చెప్పే సవరణ పట్టిక ఇవ్వని మోడల్ కొనకండి.

తనిఖీ సులువు. లాగర్ సందేశాలు ఆపి, ఒక లీటరు నీటిని గంటసేపు చుక్కచుక్కగా గరాటులోకి వదలండి. ఒరుగుకు 4 మిల్లీలీటర్ల చొప్పున 250 ఒరుగులు, అంటే 50 మిల్లీమీటర్లు రావాలి. 240 కన్నా తగ్గితే ముందు పరికరం వాలకుండా ఉందో లేదో చూపే బుడగను చూడండి, ఆ తర్వాతే గిన్నెల కింది స్క్రూలు ముట్టుకోండి. స్తంభం వాలితే లెక్క తప్పుతుంది, స్క్రూలది తప్పు కాదు. ఒకేసారి గుమ్మరిస్తే పరీక్షే చెడుతుంది.

ఇక అమరిక. చెట్టు, గోడ ఎంత ఎత్తుంటే దానికి కనీసం రెట్టింపు దూరంలో పెట్టాలి. కానీ ఊళ్లో ఎంత చక్కగా బిగించినా సగం పనే. మెట్ట ప్రాంతాల్లో గట్టిపడిన నేల నీటిని త్వరగా పీల్చుకోదు. ఎగువన 10 చదరపు కిలోమీటర్లలో 50 మిల్లీమీటర్లు కురిస్తే 5 లక్షల ఘనమీటర్ల నీరు. అందులో సగం పారినా, ఊళ్లో చినుకు పడకుండానే వాగు పొంగుతుంది. అందుకే ఒక్కటే కొనగలిగితే అది ఊళ్లో కాదు, ఎగువన ఉండాలి. రెండుంటే రెండోదాన్ని వేరే పాయ మీద పెట్టండి.

బ్యాటరీ ఆదాకని గంటకోసారి పంపే అమరికతో చాలా లాగర్లు వస్తాయి. ఆకస్మిక వరదకు గంట అంటే చాలా ఆలస్యం. 15 నిమిషాల్లో కురిసిన వాన మొత్తం మీరు పెట్టిన హద్దు దాటగానే పంపేలా మార్చుకోండి. హద్దు ఎంతన్నది ఆ వాగు పాత పొంగులు, అప్పటి వాన లెక్కలు చూసి పెట్టుకోవాలి. నేల ముందే తడిసి ఉంటే దాన్ని తగ్గించాలి. సెల్ టవర్ మీదే ఆధారపడే మోడల్ మాకు నచ్చదు, గాలివానలో ముందు పడిపోయేది కరెంటూ టవరే. రేడియో లేదా ఉపగ్రహ దారి ఉన్నది మేలు.

పక్కనే ఒక మామూలు గొట్టం వర్షమాపకం పెట్టండి. యంత్రం అబద్ధమాడితే పట్టించేది అదే. రోడ్డు వాగును దాటే చోట మాత్రం వానలెక్క చాలదు, నీటిమట్టం కొలిచే సెన్సర్ విడిగా కావాలి: 15 సెంటీమీటర్ల వేగపు నీరు మనిషిని పడేయగలదు, 60 సెంటీమీటర్లయితే చాలా వాహనాలను మోసుకుపోతుంది.