ఎలుక మెదడులో ఆక్సిజన్: ఏళ్లుగా నిర్స్ యంత్రం వాడాక

పుర్రెకు రంధ్రం పెట్టకుండా, రంగు మందు ఎక్కించకుండా బతికున్న ఎలుక మెదడులో ఆక్సిజన్ తీరును చూపే యంత్రం ఇది. పూర్తి పేరు నియర్ ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రోస్కోపీ. మేమంతా నిర్స్ అంటాం. 760 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్, 850 దగ్గర ఆక్సిజన్ మోస్తున్న హిమోగ్లోబిన్ కాంతిని ఎక్కువగా పీల్చుకుంటాయి. ఆ తేడా నుంచే లెక్కంతా. 1977లో ఫ్రాన్స్ యోబ్సిస్ అనే శాస్త్రవేత్త పిల్లి తల మీద చూపించిన పద్ధతే ఇది.

మార్పును పట్టడంలో దీనికి వంక పెట్టలేను. పుట్టేటప్పుడు ఊపిరాడని శిశువుల మెదడుకు తగిలే దెబ్బను అధ్యయనం చేయడానికి, ఏడు రోజుల ఎలుక పిల్లకు ఒక పక్క మెడ ధమనిని కట్టి 8 శాతం ఆక్సిజన్ గాలి ఇస్తాం. ఆ వయసులో పుర్రె పలచన, బొచ్చూ తక్కువే. గాలి మార్చిన కాసేపటికే తెరపై ఆక్సిజన్ మోస్తున్న హిమోగ్లోబిన్ గీత జారుతుంది, ఆక్సిజన్ వదిలేసినదాని గీత లేస్తుంది. ధమని కట్టిన పక్క మొదటి గీత ఇంకా లోతుకు దిగుతుంది. అదే పిల్లను మర్నాడు తల్లి దగ్గర నుంచి తెచ్చి మళ్లీ కొలవవచ్చు. మెదడులోకి ఎలక్ట్రోడు దించే పద్ధతిలో ఇంత తేలిక లేదు. ఈ ఒక్క కారణంతోనే నేను దీన్ని వదలను.

అంకె విషయం వేరు. మా దగ్గరున్న నిరంతర కాంతి రకం హెచ్చుతగ్గులనే చెబుతుంది, అసలు విలువను కాదు. కాంతి ఎంత దూరం తిరిగి వచ్చిందో అది కొలవలేదు మరి. నల్ల ఎలుకలతో చిక్కు ఇంకా ఎక్కువ: బొచ్చు శుభ్రంగా తీసినా, వెంట్రుకలు మళ్లీ పెరిగే దశలో చర్మమే నల్లబడి కాంతిని మింగేస్తుంది. మెదడులో ఏమీ మారకున్నా రీడింగు మారుతుంది. వీలైతే తెల్ల ఎలుకలనే తీసుకోండి. తలకు ఆనించే ప్రోబ్ కింద ఒక్క వెంట్రుక కూడా మిగలనివ్వకండి, బయటి వెలుతురు పడకుండా నల్లగుడ్డ కప్పండి.

మత్తు సంగతీ రాసుకోవాలి. మత్తుకు ఇచ్చే ఐసోఫ్లూరేన్ రక్తనాళాలను వెడల్పు చేస్తుంది, మెదడు ఆక్సిజన్ వాడకాన్ని తగ్గిస్తుంది. సంతృప్తత, అంటే మొత్తం హిమోగ్లోబిన్‌లో ఆక్సిజన్ మోస్తున్న భాగం, ఉన్నదానికంటే మెరుగ్గా కనిపిస్తుంది. అందుకే మోతాదు, శరీర ఉష్ణోగ్రత ప్రతి రీడింగు పక్కన నమోదు చేస్తాం. కణజాలంలో ఆక్సిజన్ పీడనం పాదరసపు మిల్లీమీటర్లలో కావాలనుకునేవారు మాత్రం ఇది కొనవద్దు. ఇది చూసేది రక్తంలోని హిమోగ్లోబిన్‌నే, అందులోనూ ఎక్కువ భాగం సిరల రక్తం.